గొంతుకు దవడే ఆసరా

గాజువాక నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. ఆమె భర్త ఉక్కు కర్మాగారంలో షిఫ్టులు చేసి రిటైరయ్యారు. ముప్పై ఏళ్లుగా గురక పెడుతున్నారు. ఈ మధ్య గురక మధ్యలో ఊపిరి ఆగిపోతోంది. కాసేపటికి ఉలిక్కిపడినట్లు పెద్ద చప్పుడుతో మళ్లీ అందుకుంటోంది. నిద్ర పరీక్ష చేయిస్తే గంటకు 22 సార్లు అలా జరుగుతోందని తేలింది. డాక్టరు మాస్కు పెట్టి గాలి పంపే యంత్రం రాశారు. ఆయన అర్ధరాత్రి దాన్ని పీకి పక్కన పడేస్తున్నారు. "పళ్లకు తొడిగే పరికరం ఒకటి చేయించుకుంటే చాలని తెలిసినవాళ్లు చెబుతున్నారు. గొంతులో జబ్బుకు పళ్ల డాక్టరు వైద్యం చేయడమేమిటండీ?" అని ఆమె అడిగారు.

అమ్మా, మీ ఉత్తరం జేబులో పెట్టుకునే ఆ సాయంత్రం రామకృష్ణా బీచికి వెళ్లి కొబ్బరి బొండాం కొట్టించుకున్నాను. బండి అతను కాగితం స్ట్రా ఇచ్చాడు. రెండు నిమిషాలు బాగానే ఉంది. తర్వాత నీళ్లకు నాని మెత్తబడింది. అప్పుడు గట్టిగా పీలిస్తే స్ట్రా గోడలు రెండూ లోపలికి వచ్చి అతుక్కుపోయాయి. ఇంకా గట్టిగా పీల్చాను. ఇంకా గట్టిగా అతుక్కున్నాయి. చుక్క నీరు రాలేదు. పెదవులు వదిలేశాక మెల్లగా విచ్చుకుంది. మీ వారి గొంతులో గంటకు 22 సార్లు జరుగుతున్నది ఇదే. ఏడు గంటల నిద్రకు లెక్కేస్తే 154 సార్లు.

ఈ స్ట్రాను అంత తొందరగా వదలబుద్ధి కావడం లేదు. బొండాంలో మునిగిన కొస ముక్కు అనుకోండి. మన నోట్లో ఉన్న కొస ఊపిరితిత్తులు. మధ్యలో నానిన భాగం గొంతు. ముక్కుకు ఎముక, మృదులాస్థి ఉన్నాయి. కింద శ్వాసనాళానికి మృదులాస్థి కమ్ములు ఉన్నాయి. నడుమ గొంతుకు మాత్రం చుట్టూ ఎముకల చట్రం లేదు, అంతా కండే. గుటక వేయాలన్నా, మాట పలకాలన్నా అది కుంచించుకోవాలి, సాగాలి, మెలిక తిరగాలి. హయాయిడ్ అనే చిన్న ఎముక ఒకటి అక్కడ ఉంది గానీ అది మరే ఎముకతోనూ కీలు కలపదు. కండరాల మధ్య ఊయలలా వేలాడుతుంది.

ఇప్పుడు బొండాంలోని లేత కొబ్బరి ముక్క స్ట్రా కింది కొసకు అడ్డం పడిందనుకోండి. నీరు రావడానికి ఇంకా గట్టిగా పీలుస్తాం, మధ్యలో స్ట్రా మూసుకుంటుంది. జలుబు చేసి ముక్కు దిబ్బడ వేసిన రాత్రి గురక పెరగడం ఇందుకే. స్ట్రాను రెండు వేళ్లతో బయటి నుంచి నొక్కితే మెడ చుట్టూ కొవ్వు చేరడం. మరో పది నిమిషాలు నాననిస్తే పడుకోబోయే ముందు మద్యం తాగడం, ఎందుకంటే మద్యం గొంతు కండరాల బిగువును ఇంకా సడలిస్తుంది. స్ట్రాను రెండు కొసలా పట్టుకుని నిలువుగా లాగితే గోడలు కాస్త బిగుసుకుంటాయి. ఊపిరితిత్తులు నిండుగా ఉన్నప్పుడు శ్వాసనాళాన్ని కిందికి లాగి గొంతుకు చేసే మేలు అదే. బొజ్జ ఉన్న మనిషి వెల్లకిలా పడుకుంటే పొట్ట పైకి నెట్టి ఆ లాగుడును తగ్గిస్తుంది. నాలుక కూడా తన బరువుకు తాను వెనక్కి జారుతుంది.

మన పాఠ్యపుస్తకాలు ప్రవాహాల పాఠం రాగానే విమానం రెక్క బొమ్మ వేస్తాయి. క్లాసులో ఎవరూ ముట్టుకోలేని వస్తువు అది. నలభై మంది పిల్లలకు నలభై కాగితం స్ట్రాలు, ఒక గిన్నెడు నీళ్లు ఇస్తే మెత్తని గొట్టంలో ప్రవాహం ఎలా నడుస్తుందో పెదవులకే తెలుస్తుంది. నేను పాఠాలు చెప్పిన ఇన్నేళ్లలో ఈ పని చేయనందుకు ఇప్పుడు బాధగా ఉంది.

ఇక్కడ కొంచెం లెక్క ఉంది, ఓపిక పట్టండి. ఎర్నెస్ట్ స్టార్లింగ్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త 1912 నాటి గుండె ప్రయోగాల్లో మెత్తని రబ్బరు గొట్టాన్ని గాలి పీడనం మధ్య ఉంచి, దాన్ని నొక్కుతూ ప్రవాహానికి నిరోధం కల్పించాడు. అలాంటి గొట్టం మూతపడే దశకు వచ్చాక దాని గుండా పోయే ప్రవాహాన్ని మూడే అంశాలు తీర్మానిస్తాయి: ప్రవాహం వచ్చే కొస (గొంతుకైతే ముక్కు) దగ్గర పీడనం, గొట్టం మూతపడే పీడనం, ఆ కొస నుంచి మూసుకునే చోటు దాకా ఉన్న నిరోధం. మొదటి దానిలోంచి రెండోది తీసేసి మూడో దానితో భాగించాలి. అవతలి కొస నుంచి, అంటే ఊపిరితిత్తుల వైపు నుంచి, ఎంత బలంగా లాగుతున్నామన్నది ఆ లెక్కలో ఎక్కడా లేదు! బొర్రా దగ్గర కటికి జలపాతం చూసే ఉంటారు. కింద లోయ ఇంకో వంద అడుగులు లోతైనా పై నుంచి దూకే నీరు పెరగదు. ఛాతీ ఎంత గింజుకున్నా గొంతు తెరుచుకోకపోవడం అచ్చంగా ఇలాంటిదే. లాగే బలం తక్కువై వచ్చిన జబ్బు కాదిది, బాగుపడాల్సింది గొట్టం.

ఆ మూతపడే పీడనాన్ని నీటి సెంటీమీటర్లలో కొలుస్తారు. 10 సెంటీమీటర్లంటే స్ట్రాలో నీటిని 10 సెంటీమీటర్ల ఎత్తుకు తేవడానికి కావలసిన పీల్పు. ఆరోగ్యంగా నిద్రపోయే మనిషి గొంతు అంతకంటే ఎక్కువ పీల్పునే తట్టుకుంటుంది. గురక పెట్టేవారిలో ఈ అంకె సున్నా వైపు జరుగుతుంది. జబ్బు ముదిరినవారిలో సున్నాను కూడా దాటుతుంది, అంటే ఏమీ పీల్చకపోయినా గొంతు దానంతటదే మూసుకుంటుంది. మెలకువగా ఉన్నప్పుడు అదే గొంతు ఎందుకు మూసుకోదంటే, పీల్పు మొదలవగానే నాలుకను ముందుకు లాగే జీనియోగ్లాసస్ కండరం రిఫ్లెక్సుతో బిగుసుకుంటుంది. నిద్ర పట్టగానే ఆ కాపలా సడలుతుంది. ఊపిరి పది సెకన్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఆగితే వైద్యులు దాన్ని ఆప్నియా అంటారు. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు ఒక్క క్షణం లేచి కండరాన్ని తట్టి లేపుతుంది. మనిషికి అది గుర్తుండదు. పగలంతా కునికిపాట్లు మాత్రం మిగులుతాయి.

భీమిలిలో మా పెదనాన్నగారు ఇలాగే ఉండేవారు. అరుగు మీద పేపరు పట్టుకుని కూర్చుంటే రెండో పేజీ తిప్పేలోపు తల వాలిపోయేది. "అదృష్టవంతుడు, కుంభకర్ణుడి నిద్ర" అనేవారు అందరూ. రాత్రి ఉక్కిరిబిక్కిరై లేచి కూర్చుంటే గుండెల మీద దయ్యం కూర్చుందని తాయెత్తు కట్టారు. ఆయన రక్తపోటు ఎందుకు దిగిరాదో ఎవరికీ అర్థం కాలేదు. గురకను గాఢనిద్రకు గుర్తుగా చూడడం ఇకనైనా మానాలి. ఆ ఇంటి అరుగు తలచుకున్నప్పుడల్లా నాకు దుఃఖం వస్తుంది.

మూసుకుపోయే స్ట్రాను తెరిచి ఉంచడానికి ఒక దారి, కింది కొస నుంచి కాస్త ఒత్తిడితో ఊదుతూ ఉండడం. 1981లో ఆస్ట్రేలియాలో కోలిన్ సలివన్ బృందం లోకానికి చెప్పిన సిపాప్ యంత్రం, అంటే మీ వారికి రాసిన మాస్కు యంత్రం, చేసేది అదే. 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటి పీడనంతో ముక్కులోంచి గాలిని పంపి గొంతు గోడలను విడదీసి ఉంచుతుంది. గొప్ప వైద్యం, సందేహం లేదు. అయితే పెట్టుకుంటేనే పని చేస్తుంది. కరెంటు కూడా ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక మన ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదన్న సంగతి మీకు గుర్తుండే ఉంటుంది.

రెండో దారి తెలుసుకోవడానికి ఇంటికొచ్చి ఇంకో స్ట్రా నానబెట్టాను. దాని గోడకు ఒక పక్క ఆరిన చోట సెల్లోటేపు ముక్క అంటించి, టేపు కొసను వేళ్లతో బయటికి పట్టి పీల్చాను. నీళ్లు వచ్చాయి. ఊదనక్కర్లేదు, ఒక గోడను పట్టి ఉంచితే చాలు. గొంతుకు అలాంటి పట్టు ఎక్కడ దొరుకుతుంది? దవడ దగ్గర. జీనియోగ్లాసస్ కండరం పుట్టేదే గడ్డం ఎముక లోపలి వైపున. దవడను ముందుకు జరిపితే నాలుక వెంట వస్తుంది. ఇంతవరకు తేలికగానే ఊహించవచ్చు. అసలు చమత్కారం తర్వాత ఉంది. నాలుక పక్కల నుంచి మెత్తని అంగిలికి పాలటోగ్లాసస్ అనే కండరం వంపు తిరిగి వెళుతుంది. నాలుక కదిలితే అంగిలీ బిగుసుకుంటుంది. పైగా దవడ వెనుక భాగం నుంచి పుర్రె అడుగుదాకా టెరిగోమాండిబ్యులర్ రాఫే అనే పట్టీ ఒకటి ఉంది. దాని వెనుక అంచుకే గొంతు పక్కగోడ కండరం అతుక్కుని ఉంటుంది. అందుకే దవడను ముందుకు లాగితే, గొంతు ముందు వెనుకలకన్నా పక్కలకు ఎక్కువగా విచ్చుకుంటుంది, అదీ అంగిలి వెనుక. చాలామందికి ముందుగా మూసుకునే చోటు అదే! మత్తు డాక్టర్లకు ఇది వేళ్లకు అలవాటైన పని. మత్తులో ఉన్న రోగికి ఊపిరి ఆడకపోతే వాళ్లు మొదట చేసేది దవడ మూలలు పట్టి ముందుకు ఎత్తడమే.

మత్తు డాక్టర్ల మాట వచ్చింది కాబట్టి ఒక తెలుగు పేరు చెప్పాలి. గుంటూరు జిల్లాలో పుట్టి అమెరికాలోని బోస్టన్‌లో పనిచేసిన మల్లంపాటి శేషగిరిరావు, నోరు తెరిచి నాలుక చాపితే కొండనాలుక ఎంత కనిపిస్తుందన్న దాన్ని బట్టి గొంతులో గొట్టం వేయడం ఎంత కష్టమో అంచనా వేసే పద్ధతిని 1985లో ప్రకటించారు. ప్రపంచమంతా మల్లంపాటి స్కోరు అని పిలిచే ఆ పరీక్షను నిద్ర వైద్యులు కూడా వాడతారు. కొండనాలుక అసలే కనిపించకపోతే నోట్లో చోటు తక్కువ, నాలుక ఎక్కువ అన్నమాట.

పరికరం ఎలా తయారవుతుందో చూద్దామని దంతవైద్యుడైన మిత్రుడి దగ్గరకు వెళ్లి నా పళ్ల అచ్చు తీయమన్నాను. గిన్నెలో గులాబీ రంగు పొడి వేసి నీళ్లు పోసి చకచకా కలిపారు. ఆల్జినేట్ అట, గోధుమరంగు సముద్రపు నాచు నుంచి తీస్తారు. ట్రేలో నింపి పళ్లకు అదిమితే చల్లగా తగిలింది, పుదీనా వాసన. రెండు నిమిషాల్లో రబ్బరులా గట్టిపడింది. తర్వాత మిల్లీమీటర్ల గీతలున్న చిన్న ప్లాస్టిక్ కొలబద్దను ముందుపళ్లతో కొరకమన్నారు. దవడను వీలైనంత వెనక్కి, ఆపైన వీలైనంత ముందుకు జరిపించారు. నాకు 11 మిల్లీమీటర్లు వచ్చింది. అందులో సగం నుంచి మూడింట రెండు వంతుల దగ్గర మొదలుపెడతారు. నాకైతే ఆరున్నర. పైపళ్లకు ఒకటి, కిందిపళ్లకు ఒకటి అక్రిలిక్ తొడుగులు, రెంటినీ కలుపుతూ రెండు పక్కలా సన్నని మరలు. చిన్న తాళంచెవి లాంటి పుల్లతో మరను పావు చుట్టు తిప్పితే కింది దవడ పావు మిల్లీమీటరు ముందుకొస్తుంది. వారాల తరబడి అలా కొద్దికొద్దిగా జరుపుతూ గురక, పగటి మత్తు ఎక్కడ తగ్గుతాయో చూస్తారు. మూసుకోకుండా గొంతు తట్టుకునే పీల్పు కూడా అలాగే మెట్టుమెట్టుగా పెరుగుతుంది.

ఇది కొత్త ఊహేమీ కాదు. పుట్టుకతో కింది దవడ చిన్నదై నాలుక వెనక్కి పడే పిల్లల కోసం ఫ్రాన్స్‌లో పియర్ రాబిన్ వందేళ్ల కిందటే దవడను ముందుకు నిలిపే పరికరాన్ని వాడాడు. 1982లో అమెరికాలో కార్ట్‌రైట్, సామెల్సన్ నాలుకనే మెత్తని బుడగలోకి పీల్చి ముందుకు పట్టే పరికరం గురించి రాశారు. పళ్లే లేనివారికి ఇప్పటికీ అది పనికొస్తుంది.

సంఖ్యలు మాత్రమే చూస్తే సిపాప్ ముందుంటుంది. ఊపిరి ఆగడాలను అది ఎక్కువగా తగ్గిస్తుంది. పరికరంతో సుమారు మూడింట ఒక వంతు మందికి దాదాపు పూర్తిగా నయమవుతుంది, మరో వంతుకు కొంత తగ్గుతుంది, మిగిలినవారికి పెద్దగా ఫలితం ఉండదు. అయితే మాస్కును రెండు గంటలు పెట్టుకుని పీకేసే మనిషి, పరికరాన్ని రాత్రంతా ఉంచుకుంటాడు. అందుకే పగటి మత్తు, రక్తపోటు దగ్గరకు వచ్చేసరికి రెండూ దాదాపు సమానంగా నిలుస్తున్నాయి. సిపాప్‌ను భరించలేని పెద్దలకు, వేరే వైద్యం కోరుకునేవారికి ఈ పరికరం ఇవ్వవచ్చని 2015లో అమెరికా నిద్ర వైద్యుల, నిద్ర దంతవైద్యుల సంఘాలు కలిసి చెప్పాయి. అది సొంత పళ్ల కొలతతో చేయించి, మరతో జరపగలిగేదై ఉండాలన్నాయి. ఆన్‌లైనులో దొరికే, వేడినీళ్లలో ముంచి కొరికే రకం కొని డబ్బు పోగొట్టుకోవద్దు. అది సరిగా పట్టు దొరకక నిద్రలో ఊడిపోతుంది, జరపడానికీ వీలుండదు.

ఇబ్బందులు దాచడం నాకిష్టం లేదు. మొదటి వారాల్లో లాలాజలం ఊరుతుంది లేదా నోరు ఎండుతుంది. పొద్దున్నే దవడ కీలు నొప్పి పెడుతుంది, కింది పళ్లు పై పళ్లతో సరిగా కలవవు. దవడను వెనక్కి తేవడానికి చిన్న కొరుకుడు అచ్చు ఇస్తారు, లేవగానే కాసేపు దాన్ని కొరకాలి. ఏళ్లు గడిచేకొద్దీ పలువరస కూడా కొద్దిగా జరుగుతుంది. అందుకే దంతవైద్యుడికి క్రమం తప్పకుండా చూపించుకోవాలి. చిగుళ్ల జబ్బుతో పళ్లు కదులుతున్నా, పట్టు దొరికేటన్ని పళ్లు లేకపోయినా పరికరం కుదరదు. గొంతు మూసుకోకుండా, మెదడు నుంచి ఆజ్ఞ రాకనే ఊపిరి ఆగే రకం జబ్బుకు దీనివల్ల ప్రయోజనం లేదు.

మీ వారి సంగతి, అమ్మా. గంటకు 22 అంటే మధ్యస్థం. 15 నుంచి 30 మధ్య ఉన్నదాన్ని అలా అంటారు. ఈ పరికరం ప్రయత్నించదగిన అంకె అది. నిద్ర డాక్టరుకు చెప్పకుండా మాత్రం యంత్రం మానిపించకండి. ఆ పరీక్ష కాగితం తీసుకుని దంతవైద్యుడి దగ్గరకు వెళ్లండి, ముందు చిగుళ్లు చూడమనండి. మరలు జరపడం పూర్తయి, ఇంట్లో గురక వినబడడం ఆగిపోయినా సరే, నిద్ర పరీక్ష మళ్లీ చేయించండి. చప్పుడు లేకుండా కూడా గొంతు మూసుకోవచ్చు. ఆ రాత్రి ఆయన పరికరం పెట్టుకునే పడుకోవాలి.