5.4 ట్రైటన్ కటకట: వీసీటీ సొలనాయిడ్లు మారిస్తే శబ్దం పోతుందా? అపోహలు - వాస్తవాలు

"అన్నా, రెండు సొలనాయిడ్లూ ఆర్డర్ పెట్టేశాను, ఇక బిగించడమే తరువాయి." అమెరికాలో పాత ఫోర్డ్ ఎఫ్-150 కొనుక్కున్న మనవాళ్ళలో ఈ మాట అననివాళ్ళు తక్కువ. బండి 2004-2010 మధ్యది. లోపల 5.4 లీటర్ల త్రీ వాల్వ్ ట్రైటన్ వీ8. పొద్దున స్టార్ట్ చేస్తే బాగానే ఉంటుంది. ఇరవై నిమిషాలు తిరిగి సిగ్నల్ దగ్గర ఆగితే డీజిల్ బండిలా కటకటలాడుతుంది. కాస్త యాక్సిలరేటర్ తొక్కగానే శబ్దం మాయం. యూట్యూబ్‌లో ఎవరో సొలనాయిడ్లు మార్చగానే ఇంజన్ నిశ్శబ్దమైందట. అంతే, డబ్బా ఇంటికొచ్చేస్తుంది.

అపోహ: శబ్దం సొలనాయిడ్లది. అవి మారిస్తే పోతుంది.

కొట్టుకునేది సొలనాయిడ్ కాదు, ఫేజర్, అంటే క్యామ్ (వాల్వులను తెరిచే కడ్డీ) టైమింగ్‌ను ముందుకూ వెనక్కూ జరిపే చక్రం. ఈ ఏర్పాటునే వీసీటీ (వేరియబుల్ క్యామ్‌షాఫ్ట్ టైమింగ్) అంటారు. ఒక్కో హెడ్‌కు (సిలిండర్ల పైన ఉండే భాగం) ఒకటే క్యామ్, దాని ముందు చివర ఒక ఫేజర్, పక్కనే ఒక సొలనాయిడ్, అంటే కరెంటుతో నడిచే ఆయిల్ వాల్వ్. కంప్యూటర్ ఇచ్చే కరెంటును బట్టి సొలనాయిడ్‌లోని స్పూల్ (లోపల జరిగే చిన్న కడ్డీ) జరిగి, ఫేజర్‌లోని ఈ గదికో ఆ గదికో ఆయిల్ పంపుతుంది. సొలనాయిడ్ పని అక్కడితో సరి. ఇంజన్ నడుస్తుండగా ఫేజర్ లోపలి రెక్కలను కదలకుండా పట్టుకునేది ముఖ్యంగా ఆయిల్ ప్రెజరే. వేడెక్కిన ఆయిల్ పలచబడి, ఐడిల్‌లో ప్రెజర్ చాలకపోతే, వాల్వ్ స్ప్రింగులు క్యామ్‌ను అటూ ఇటూ తోసినప్పుడల్లా రెక్క గోడకు కొట్టుకుంటుంది. ఫేజర్‌ను ఒకచోట ఆపి ఉంచే లాక్ పిన్, దాని రంధ్రం అరిగిపోయి ఉంటే ఇంకా ఎక్కువ. ఆర్‌పీఎం పెరిగితే పంపు ప్రెజర్ ఇస్తుంది, శబ్దం ఆగుతుంది.

మరి ప్రెజర్ ఎక్కడికి పోతోంది? ఎక్కువగా టైమింగ్ చైన్ టెన్షనర్ల (చైన్‌ను బిగువుగా ఉంచేవి) దగ్గర. ఈ ఇంజన్‌తో వచ్చిన టెన్షనర్లు ప్లాస్టిక్ బాడీవి. వెనకాల ఉండే సీలు వేడికి గట్టిపడి, పక్కకు పిండుకుపోయి తెగుతుంది. అక్కడినుంచి ఆయిల్ నేరుగా కిందికి కారిపోతుంది, పైన ఫేజర్‌కు చేరేది తగ్గిపోతుంది. దానికి తోడు అరిగిన పంపు. కింద పైపు పగిలి నీళ్ళు పోతుంటే మేడ మీద కుళాయి మార్చినట్టు ఉంటుంది, ఈ స్థితిలో సొలనాయిడ్లు మార్చడం. కొత్త ఫేజర్లు మాత్రమే వేసినా కొంతకాలానికి అదే కటకట మళ్ళీ మొదలవుతుంది. అప్పుడు "పార్టు నకిలీది" అని షాపువాడిని తిడతారు.

కాబట్టి మొదట కొనాల్సింది సొలనాయిడ్ కాదు, మెకానికల్ ప్రెజర్ గేజ్. ఆయిల్ ఫిల్టర్ అడాప్టర్ మీద ఉన్న ప్రెజర్ సెండర్ (డ్యాష్‌బోర్డుకు సంకేతం పంపే పార్టు) విప్పి ఆ చోట గేజ్ బిగించండి. బండిని ఇరవై నిమిషాలైనా నడిపి ఆయిల్‌ను పూర్తిగా వేడెక్కనివ్వండి. బ్రేక్ మీద కాలుంచి, గేర్ డి లో పెట్టి, ఐడిల్‌లో చూడండి. 25 పీఎస్‌ఐకి తక్కువుంటే ఫేజర్‌కు చాలదన్నది ఈ ఇంజన్ల మీద పనిచేసేవాళ్ళు పాటించే లెక్క. అంతకన్నా తక్కువ చూపిస్తే సొలనాయిడ్ల డబ్బా తెరవకుండా వాపసు చేసేయండి. అప్పుడు కావాల్సింది ఇంజన్ ముందు వైపు ఉన్న టైమింగ్ కవరు ఊడదీసే పెద్ద పని: చైన్లు, గైడ్లు (చైన్ జారే దారి పట్టీలు), ఫేజర్లు, ఇనప బాడీ టెన్షనర్లు, పంపు అన్నీ ఒకేసారి. ఖర్చు వేల డాలర్లలో ఉంటుంది, వినగానే గుండె జారుతుంది. భయం సహజమే. కానీ ముక్కలు ముక్కలుగా మూడుసార్లు చేయించుకుంటే అంతకన్నా ఎక్కువవుతుంది. చైన్ జారితే వాల్వులు పిస్టన్లకు తగిలే ఇంజన్ ఇది, గుర్తుంచుకోండి.

సరే, సొలనాయిడ్ నిజంగా పోవడం ఉండదా అంటే, ఉంటుంది. దాని లక్షణాలు వేరు: వేడెక్కాక ఐడిల్ ఊగిసలాడటం, సిగ్నల్ దగ్గర ఆగిపోవడం, ఎత్తు ఎక్కేటప్పుడు లాగకపోవడం. చెక్ ఇంజన్ లైటు వెలిగి, స్కానర్‌లో పి0012 గానీ పి0022 గానీ అనే కోడ్ కనిపిస్తుంది, అంటే క్యామ్ ఉండాల్సిన దానికన్నా వెనకబడి ఉండిపోయిందని. మొదటిది ప్యాసింజర్ వైపు బ్యాంకు, రెండోది డ్రైవర్ వైపు. ఈ కోడ్లు కూడా సొలనాయిడ్‌నే వేలెత్తి చూపవు, ప్రెజర్ తక్కువైనా వస్తాయి. ప్రెజర్ బాగుందని తేలాక, వేడి ఇంజన్ ఐడిల్‌లో ఉండగా సొలనాయిడ్ ప్లగ్ పీకి, దాని రెండు పిన్నులకు బ్యాటరీ 12 వోల్టులు క్షణంసేపు ఇవ్వండి. ఇంజన్ వణకాలి, లేదా ఆగిపోవాలి. ఏ మార్పూ లేకపోతే సొలనాయిడ్ గానీ ఫేజర్ గానీ ఇరుక్కుపోయింది.

అపోహ: బయటినుంచి ప్లగ్ పీకి సొలనాయిడ్ లాగేయవచ్చు.

ఈ ఇంజన్‌లో కుదరదు. బయటికి కనిపించేది కనెక్టర్ మూతి మాత్రమే, సొలనాయిడ్ వాల్వ్ కవరు లోపల హెడ్‌కు బిగించి ఉంటుంది. కవరు తీయాల్సిందే.

బ్యాటరీ నెగటివ్ విప్పండి. ఇగ్నిషన్ కాయిళ్ళ చుట్టూ గాలి కొట్టి దుమ్ము పోగొట్టాకే కవరు ముట్టుకోండి. కాయిల్ బోల్టులకు 7 మి.మీ. సాకెట్, కవరు బోల్టులకు 8 మి.మీ. కవరు బోల్టులు కవరుకే వేలాడుతూ ఉంటాయి, పూర్తిగా లాగకండి. పాత కనెక్టర్ల క్లిప్పులు వేడికి పెళుసైపోయి ఉంటాయి, మెల్లగా. కవరు పైకి లేచిన మరుక్షణం ముందు భాగంలో చైన్ దిగే సందులో శుభ్రమైన గుడ్డ కుక్కండి. అందులో బోల్టు పడితే ముందు కవరు విప్పితే తప్ప తీయలేని పరిస్థితి రావచ్చు.

సొలనాయిడ్‌ను పట్టి ఉంచేది ఒకటే బోల్టు. తీశాక దాని ముక్కు మీదున్న సన్నని జాలీని వెలుతురులో పెట్టి చూడండి. నల్లటి బంక ఉంటే ఆయిల్ ఆలస్యంగా మార్చారని. గోధుమరంగు ప్లాస్టిక్ పెచ్చులు ఉంటే చైన్ గైడ్ అరిగి రాలుతోందని. జాలీ చిరిగి ముక్క లేకపోతే ఆ ముక్క ఫేజర్ దారిలో ఉండే అవకాశం ఉంది. చివరి రెండిట్లో ఏది కనిపించినా కొత్తది బిగించి సంబరపడకండి.

కొత్తదానికి శుభ్రమైన ఆయిల్ రాసి పెట్టండి. బోల్టు 89 ఇంచ్-పౌండ్లు, అంటే 10 న్యూటన్ మీటర్లు. కవరు బోల్టులకూ అంతే. టార్క్ రెంచ్ లేకుండా "చేతి అంచనా" వద్దు. కవరులో కనెక్టర్ దూరే చోటి రబ్బరు సీలు తప్పక కొత్తది వేయండి, లేకపోతే ఆయిల్ అక్కడినుంచి కారుతుంది. హెడ్డూ ముందు కవరూ కలిసే రెండు మూలల్లో శనగగింజంత సిలికాన్ పెట్టి, అది ఆరకముందే కవరు దించండి. ఒక వైపు పోతే రెండూ మార్చండి.

అపోహ: డ్యాష్‌బోర్డు గేజ్ మధ్యలోనే ఉంది కాబట్టి ప్రెజర్ బాగుంది.

ఆ ముల్లు ప్రెజర్ కొలవదు. సెండర్ ఉట్టి స్విచ్, కొద్దిపాటి ప్రెజర్ రాగానే ముల్లు మధ్యకు వచ్చి కూర్చుంటుంది.

అపోహ: చిక్కటి ఆయిల్ పోస్తే సరి.

కంపెనీ చెప్పింది 5డబ్ల్యు-20, ఏడు క్వార్టులు. 5డబ్ల్యు-30 పోస్తే వేడిమీద శబ్దం కొంత తగ్గవచ్చు, నష్టమేమీ లేదు. తెగిన సీలు మాత్రం అతుక్కోదు. 20డబ్ల్యు-50, ఆయిల్‌లో కలిపే డబ్బా మందులు మాత్రం వద్దు. ఫిల్టర్ మోటార్‌క్రాఫ్ట్ ఎఫ్‌ఎల్-820ఎస్ వాడండి. నాసి ఫిల్టర్ వేస్తే ఆయిల్ వెనక్కి దిగిపోయి, పొద్దున్నే చైన్ గలగలమంటుంది.

అపోహ: ఏ టిక్ టిక్ అయినా ఫేజరే.

చల్లగా ఉన్నప్పుడు వచ్చి వేడెక్కాక పోతే ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ (పొగ బయటికి పోయే గొట్టం) బిగించే స్టడ్ విరిగిందేమో చూడండి. ఆర్‌పీఎంతో పాటు పెరుగుతూ ఒకేచోట టకటకమంటే రోలర్ ఫాలోవర్ (క్యామ్‌కూ వాల్వుకూ మధ్య ఉండే పార్టు). సన్నగా, వేగంగా వినిపించేది ఇంజెక్టర్, దాన్ని వదిలేయండి.

అపోహ: కాయిళ్ళు ఎలాగూ తీశాం కదా, స్పార్క్ ప్లగ్గులు కూడా మార్చేద్దాం.

మొదటి సంవత్సరాల ప్లగ్గులు రెండు ముక్కలవి. కార్బన్ పట్టి కింది ముక్క హెడ్‌లోనే తెగి ఉండిపోతుంది. ముందు కార్బన్ కరిగించే ద్రవం పోసి నాననిచ్చి, కొద్దికొద్దిగా ముందుకూ వెనక్కూ తిప్పుతూ తీయాలి. విరిగిన ముక్క లాగే టూలు దగ్గర లేకుండా ఆదివారం సాయంత్రం మొదలుపెట్టకండి.