అడవిని కాపాడే చిన్న మంట

2021 వేసవిలో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో బూట్‌లెగ్ అనే కార్చిచ్చు నాలుగు లక్షల ఎకరాలకు పైగా కాల్చేసింది. చెట్ల కొనల మీదుగా దూకుతూ వచ్చిన ఆ మంట సైకన్ మార్ష్ అనే రక్షిత ప్రాంతంలో ఒక్కోచోట ఒక్కోలా నడిచింది. ఏ పనీ చేయకుండా వదిలేసిన చోట చెట్లు నిలువునా మాడిపోయాయి. చిన్న చెట్లను కొట్టి అడవిని పలచన చేసిన చోట నష్టం కొంత తగ్గింది. పలచన చేశాక నేల మీది ఎండుటాకులు, పుల్లలు కూడా కావాలని తగలబెట్టిన చోట మాత్రం మంట కొమ్మల నుంచి నేలకు దిగిపోయింది. పెద్ద చెట్లు చాలావరకు పచ్చగానే మిగిలాయి.

పాండరోసా పైన్ లాంటి చెట్లకు మందపాటి బెరడు ఉంటుంది. పెరిగేకొద్దీ కింది కొమ్మలు రాలిపోతాయి. మోకాలెత్తు మంట వాటిని పెద్దగా ఏమీ చేయలేదు. పిడుగుల వల్లో, స్థానిక తెగలు పెట్టడం వల్లో అలాంటి మంటలు కొన్నేళ్లకోసారి వచ్చి పోయేవని చెట్ల కాండంలో ఏటా ఏర్పడే వలయాల్లోని కాలిన మచ్చలు ఇప్పటికీ చెబుతున్నాయి.

1910 ఆగస్టులో ఐడహో, మోంటానాల్లో రెండు రోజుల్లో దాదాపు 30 లక్షల ఎకరాలు కాలిపోయాయి. మంటలార్పుతూ పదుల మంది చనిపోయారు. ఆ భయం విధానంగా మారింది. ఏ మంటనైనా కనిపించిన మర్నాడు ఉదయం 10 గంటలకల్లా అదుపులోకి తేవాలని 1935లో అమెరికా ఫారెస్ట్ సర్వీస్ నియమం పెట్టింది. ఆ పట్టుదలను తప్పుపట్టలేం. కానీ ఆర్పిన ప్రతి చిన్న మంటా కాల్చాల్సిన చెత్తను నేల మీదే వదిలేసింది. పొదలు, మొక్కలు గుబురుగా పెరిగాయి. నేల మీది మంట కొమ్మలకు ఎక్కడానికి అవే నిచ్చెన మెట్లయ్యాయి. కిక్కిరిసిన చెట్లకు నీళ్లూ చాలవు. 2012 తర్వాత వచ్చిన కరవులో కాలిఫోర్నియాలో 10 కోట్లకు పైగా చెట్లు దాహంతో, బెరడు పురుగులతో చచ్చిపోయాయి.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది కాలిఫోర్నియాలోని సెకోయా అనే మహావృక్షాల కథ. వాటి కాయలు వేడి తగిలితే బాగా విచ్చుకుంటాయి, విత్తనం మొలవాలంటే బూడిద పడిన ఖాళీ నేల కావాలి. నిప్పుతోనే బతకడం నేర్చుకున్న చెట్లవి. అయినా 2020, 2021 కార్చిచ్చుల్లో పెద్ద సెకోయాల్లో 13 నుంచి 19 శాతం పోయాయి. కానీ 2022లో యోసెమిటీ నేషనల్ పార్కులోని మారిపోసా అనే సెకోయా తోపు దాకా మంట వచ్చినా మహావృక్షాలు బతికాయి. అక్కడ 1970ల నుంచి సిబ్బంది చిన్న మంటలు పెడుతూ వస్తున్నారు.

ఆగ్నేయ అమెరికాలోని లాంగ్‌లీఫ్ పైన్ అడవులకైతే రెండు మూడేళ్లకోసారి నిప్పు కావాలి. కింద పొదలు ఎదిగితే, బతికున్న ముదురు పైన్‌లలో తొర్రలు చేసుకునే ఒక అరుదైన వడ్రంగిపిట్ట గూడు వదిలేసి పోతుంది.

కావాలని చిన్న మంట పెట్టడం అన్ని అడవులకూ పనికొచ్చే మందు కాదు. ఎల్లోస్టోన్ నేషనల్ పార్కులోని లాడ్జ్‌పోల్ పైన్ అడవులు వందల ఏళ్లకోసారి పూర్తిగా కాలి, మళ్లీ మొలిచే రకం. ఇంకో చిక్కూ ఉంది. పలచన పేరుతో ముదురు చెట్లను కొట్టుకుపోతే, నిప్పును తట్టుకునేవాటినే పోగొట్టుకుంటాం. కొట్టాల్సింది చిన్నవాటిని.

ప్రమాదమూ నిజమే. 2022లో న్యూమెక్సికోలో కావాలని పెట్టిన మంటలు అదుపు తప్పి, ఆ రాష్ట్ర చరిత్రలోనే అతిపెద్ద కార్చిచ్చుగా మారి, వందల ఇళ్లను కాల్చేశాయి. అందుకే గాలి, తేమ సరిగ్గా కుదిరే రోజుల కోసం సిబ్బంది వారాల తరబడి ఎదురుచూస్తారు. వేసవులు ముదురుతున్నకొద్దీ అలాంటి రోజులు చాలాచోట్ల తగ్గుతున్నాయి. పైగా ఒకసారి చేసి వదిలేసే పని కాదిది. కొన్నేళ్లలో పొదలు మళ్లీ లేస్తాయి. మంటలు ఆర్పడానికి అప్పటికప్పుడు డబ్బు పుట్టించే ప్రభుత్వాలు, మంటలు లేని ఏడాది కూడా ఈ పనికి నిధులు ఇవ్వాలి.