ఒకే ఎంజైమ్, రెండు జబ్బులు

1994లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో ఫ్రాన్సిస్ కుహైడా అనే పాథాలజిస్ట్, రొమ్ము క్యాన్సర్ గడ్డల్లో కనిపించే ఒక ప్రోటీన్ సంగతి తేల్చాలని కూర్చున్నారు. దానికి అప్పటికి సరైన పేరు కూడా లేదు. ఓఏ-519 అనేవారు. ఆ ప్రోటీన్ ఎక్కువగా ఉన్న గడ్డలు మొండివి, చికిత్స తర్వాత మళ్లీ తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. కుహైడా బృందం దాన్ని శుద్ధి చేసి, అందులోని అమైనో ఆమ్లాల వరుస చదివింది. తీరా చూస్తే అది బయోకెమిస్ట్రీ పాఠ్యపుస్తకాల్లో ఎప్పటినుంచో ఉన్న ఫ్యాటీ ఆసిడ్ సింథేజ్, అంటే ఒంట్లో కొవ్వు ఆమ్లాలను తయారుచేసే ఎంజైమ్.

ఇందులో వింత ఏమిటంటే, పెద్దవాళ్ల శరీరంలో చాలా కణాలు ఆ పని పెట్టుకోవు. లివర్, కొవ్వు కణజాలం, పాలిచ్చే తల్లి రొమ్ము లాంటి కొన్ని చోట్ల తప్ప, మిగతావన్నీ కావలసిన కొవ్వును రక్తంలోంచే తీసుకుంటాయి. తిండిలో కొవ్వు ఎలాగూ వస్తోంది కదా! క్యాన్సర్ కణం మాత్రం రక్తంలో కొవ్వు ఉన్నా సొంతంగా తయారీ మొదలుపెడుతుంది. నిజానికి ఈ సంగతి 1953లోనే బయటపడింది. ఫిలడెల్ఫియాలో గ్రేస్ మెడెస్, ఆలిస్ థామస్, సిడ్నీ వైన్‌హౌస్ గడ్డల ముక్కలను రేడియోధార్మిక కార్బన్ ఉన్న ద్రావణంలో ఉంచి, ఆ కార్బన్ కొవ్వు ఆమ్లాల్లోకి చేరడం చూశారు. అయితే అప్పటికి అందరి ధ్యాసా ఒట్టో వార్‌బర్గ్ చెప్పిన చక్కెర కథ మీదే ఉంది. క్యాన్సర్ కణాలు గ్లూకోజ్‌ను విపరీతంగా వాడేస్తాయన్నది ఆయన 1920లలో గమనించిన విషయం. ఆ గ్లూకోజ్ ఎక్కడికి పోతోందన్న ప్రశ్నకు ఒక జవాబు కొవ్వులో ఉందని నలభై ఏళ్లపాటు ఎక్కువమంది పట్టించుకోలేదు.

ఈ ఎంజైమ్ పనితీరు దగ్గర్నుంచి చూడదగ్గది. దాదాపు 2,500 అమైనో ఆమ్లాల పొడవున్న భారీ ప్రోటీన్ ఇది. రెండు ప్రతులు జతకడితేనే పనిచేస్తుంది. కొవ్వు తయారీలో అవసరమయ్యే రసాయన చర్యలన్నీ జరిగే చోట్లు ఆ ఒక్క గొలుసులోనే ఉంటాయి. బి5 విటమిన్ నుంచి తయారైన ఒక సన్నని చేయి, ఎదుగుతున్న కొవ్వు గొలుసును పట్టుకుని ఒక చోటి నుంచి ఇంకో చోటికి తిప్పుతూ ఉంటుంది. మొదట రెండు కార్బన్లు. ఒక్కో చుట్టుకీ మరో రెండు కార్బన్లు చేరతాయి. ఏడు చుట్లు పూర్తయ్యేసరికి పదహారు కార్బన్ల పామిటిక్ ఆసిడ్ తయారై బయటికి వస్తుంది. ముడిసరుకు ఎక్కువగా వచ్చేది గ్లూకోజ్ నుంచే. అంటే మనం తిన్న అన్నం కొవ్వుగా మారేది ఈ ఎంజైమ్ దగ్గరే.

క్యాన్సర్ కణానికి ఇదంతా దేనికంటే, మొదటి అవసరం పొర. ఒక కణం రెండు కావాలంటే దాని చుట్టూ ఉన్న పొర, లోపలి పొరలు అన్నీ రెట్టింపు కావాలి. ఆ పొరల్లో ముఖ్యమైనవి ఫాస్ఫోలిపిడ్లు, అంటే ఫాస్ఫరస్ ఉన్న కొవ్వులు. వాటిని కొలవడానికి ఎన్నో ల్యాబుల్లో వాడుతూ వచ్చిన పద్ధతికి మూలం 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు రూపొందించిన ఫాస్ఫరస్ పరీక్ష. కణానికి కావలసిన ముడిసరుకును ఆపి క్యాన్సర్‌ను అణచవచ్చన్న ఆలోచనకూ ఆయన చేసిన సాయం చిన్నది కాదు. ఆయన బృందం తయారుచేసిన, ఫోలిక్ ఆసిడ్‌కు అడ్డుపడే మందునే 1947 చివర్లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా ఉన్న పిల్లలకు ఇచ్చారు. ఫోలిక్ ఆసిడ్ మీద పారిన ఎత్తు కొవ్వు మీద కూడా పారుతుందా అన్నదే తర్వాతి పరిశోధకుల ప్రశ్న.

దానికి జవాబు చూసే ముందు లివర్ సంగతి చెప్పాలి. ఎందుకంటే అదే ఎంజైమ్ అక్కడ మరో జబ్బుకు కారణమవుతోంది.

హెల్త్ చెకప్ రిపోర్టులో "గ్రేడ్-1 ఫ్యాటీ లివర్" అని చూసి, "నేను నూనె ముట్టుకోను, నెయ్యి మానేశాను, నాకెందుకొచ్చింది?" అని అడిగేవాళ్లు మన చుట్టూ బోలెడుమంది. అన్యాయమైన ప్రశ్నేమీ కాదు. 2005లో మిన్నెసోటా యూనివర్సిటీ పరిశోధకులు ఫ్యాటీ లివర్ ఉన్నవారికి గుర్తుపట్టగల అణువులు ఇచ్చి, తర్వాత లివర్ ముక్క తీసి, అందులోని కొవ్వు ఏ దారిన వచ్చిందో లెక్కగట్టారు. తిండిలోని కొవ్వు నుంచి నేరుగా వచ్చింది 15 శాతమే. 26 శాతం లివర్ తనంతట తాను, ప్రధానంగా పిండిపదార్థాల నుంచి తయారుచేసింది. మిగతా 59 శాతం ఒంట్లోని కొవ్వు కణజాలం నుంచి రక్తంలోకి వదిలిన కొవ్వు ఆమ్లాలు. మూడు పూటలా అన్నమో ఇడ్లీయో తింటూ, మధ్యలో చక్కెర టీలూ కూల్‌డ్రింకులూ తాగుతూ, నూనె ఒక్కటి తగ్గిస్తే లివర్ శుభ్రపడుతుందనుకోవడం ఈ లెక్కతో పొసగదు.

షుగర్ జబ్బు ఉన్నవారిలో ఇది మరీ విచిత్రంగా ఉంటుంది. ఇన్సులిన్ లివర్‌లో రెండు పనులు చెయ్యాలి: గ్లూకోజ్ తయారీని ఆపించాలి, కొవ్వు తయారీని పెంచాలి. ఇన్సులిన్‌కు ఒళ్లు మొద్దుబారినప్పుడు ఈ రెండూ మూలపడాలి కదా. అలా జరగదు. గ్లూకోజ్ తయారీని ఆపడం మాత్రమే చెడుతుంది, కొవ్వు తయారీ ఎప్పటిలాగే సాగిపోతుంది. రక్తంలో ఇన్సులిన్ ఎక్కువయ్యేకొద్దీ అదీ పెరుగుతుంది. అందుకే ఒకే రిపోర్టులో షుగరూ, ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వులూ రెండూ ఎక్కువగా కనిపిస్తాయి. ఈ తిరకాసును 2008లో స్పష్టంగా మన ముందు పెట్టినవాళ్లు డల్లాస్‌కు చెందిన మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్. కొలెస్ట్రాల్ పరిశోధనకు 1985లో నోబెల్ అందుకున్న జంట. కణంలో కొవ్వు తయారీకి స్విచ్ లాంటి ఎస్‌ఆర్‌ఈబీపీ ప్రోటీన్లు కూడా 1990లలో వాళ్ల ల్యాబులోనే బయటపడ్డాయి.

నా దృష్టిలో ఈ మొత్తం కథకు కీలకం ఆ స్విచ్. లివర్‌లో ఇన్సులిన్ ఏ సంకేతాల దారిలో దాన్ని వేస్తుందో, చాలా క్యాన్సర్లలో మ్యుటేషన్ల వల్ల తెరుచుకుని మూతపడకుండా ఉండిపోయేదీ ఆ దారే. రెండు చోట్లా చివర్లో పెరిగేది ఫ్యాటీ ఆసిడ్ సింథేజే. క్యాన్సర్ వార్డూ షుగర్ క్లినిక్కూ ఆస్పత్రిలో వేర్వేరు అంతస్తుల్లో ఉన్నా, కణం లోపల వాటి మధ్య దూరం చాలా తక్కువ. అధిక కొవ్వుకూ 13 రకాల క్యాన్సర్లకూ సంబంధం ఉందనడానికి తగిన ఆధారాలున్నాయని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో తేల్చింది. దానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

"అధిక కొవ్వు" అనగానే లావుపాటి మనిషే గుర్తుకొస్తాడు. మనవాళ్ల విషయంలో అక్కడే మోసపోతాం. 2004లో లాన్సెట్ పత్రికలో ఒక ఫోటో వచ్చింది. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఇద్దరూ చూడ్డానికి సన్నమే. కానీ ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. చర్మం కింద కొవ్వు దాచుకునే చోటు తక్కువైనవారిలో, గాదె నిండాక వడ్లు వాకిట్లో పోసినట్టు, మిగిలింది లివర్‌లోకీ కండరాల్లోకీ చేరుతుంది. లైపోడిస్ట్రఫీ అనే అరుదైన జబ్బు దీనికి గట్టి రుజువు. కొవ్వు కణజాలమే దాదాపు లేని ఆ రోగులకు తీవ్రమైన షుగరూ ఫ్యాటీ లివరూ వస్తాయి. కాబట్టి ఒంట్లో కొవ్వు ఎంత ఉందన్నదానితో పాటు ఎక్కడ ఉందన్నదీ చూడాలి.

ఇక ఆ ఎంజైమ్‌ను ఆపే ప్రయత్నాల సంగతి. కుహైడా బృందం సీ75 అనే పదార్థాన్ని 2000లో ఎలుకలకు ఇస్తే అవి తిండి మానేసి బాగా చిక్కిపోయాయి. తర్వాత వచ్చిన వాటిలో అందరికంటే ముందుకెళ్లింది డెనిఫాన్‌స్టాట్. మొదట దాన్ని పరీక్షించింది క్యాన్సర్ రోగుల మీదే. మోతాదు పెరిగేకొద్దీ అరచేతుల చర్మం ఊడటం, జుట్టు రాలడం, కళ్లు పొడిబారడం లాంటివి కనిపించాయి. చర్మానికీ కంటి తడికీ కూడా కొవ్వు కావాలి మరి. ఆ తర్వాత తక్కువ మోతాదులో లివర్ వాపు ఉన్నవారికి ఏడాదిపాటు ఇచ్చి చూశారు. 2024లో వచ్చిన ఆ ఫలితాల్లో మందు తీసుకున్నవారిలో మెరుగుదల స్పష్టంగా కనిపించింది, లివర్‌లో మచ్చలు తగ్గినవారు కూడా ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారికంటే ఎక్కువే. చైనాలో ఇదే మందును మొటిమల మీద కూడా పరీక్షించారు. క్యాన్సర్ గడ్డలో మొదలైన అన్వేషణ లివర్ దాకా, చర్మం దాకా వచ్చింది. క్యాన్సర్‌కు మాత్రం ఈ రకం మందు ఒక్కటీ ఇంకా ఆమోదం పొందలేదు.

ఎందుకంటే తయారీ ఆపితే కణం దిగుమతికి దిగుతుంది. అండాశయ క్యాన్సర్ పొట్టలో వ్యాపించేటప్పుడు పేగుల ముందు తెరలా వేలాడే ఓమెంటమ్ అనే కొవ్వు పొరను ఏరికోరి చేరుతుంది. 2011లో షికాగో పరిశోధకులు అక్కడి కొవ్వు కణాలనూ క్యాన్సర్ కణాలనూ ఒకే పాత్రలో పెంచారు. కొవ్వు కణాల్లోని నిల్వ కరిగి, క్యాన్సర్ కణాల్లో కొవ్వు చుక్కలుగా తేలింది. బార్సిలోనాలో సాల్వడార్ అజ్నార్ బెనితా బృందం మనిషి నోటి క్యాన్సర్ కణాలను ఎలుకల నోట్లో పెట్టి చూసింది. ఇతర భాగాలకు పాకే శక్తి, పైపొర మీద సీడీ36 అనే కొవ్వు పట్టుకునే ప్రోటీన్ ఎక్కువగా ఉన్న కొద్దిపాటి కణాలదే. దాన్ని యాంటీబాడీతో మూసేస్తే పాకడం ఆగింది. 2021లో వాళ్లే ఇంకో విషయం చూపించారు: పామిటిక్ ఆసిడ్ ఉన్న తిండి తిన్న ఎలుకల్లోని గడ్డలు, తిండి మారిన తర్వాత కూడా పాకే గుణం మర్చిపోలేదు.

పామాయిల్‌లో నలభై శాతానికి పైగా పామిటిక్ ఆసిడే. దేశంలో ఆయిల్‌పామ్ ఎక్కువగా పండేది ఆంధ్రప్రదేశ్‌లో. కాబట్టి ఈ వార్త మన వాట్సాప్ గ్రూపుల్లో ఏ రూపం ఎత్తుతుందో ఊహించవచ్చు. అది ఎలుకల్లో, అప్పటికే ఉన్న గడ్డ పాకడం గురించిన ప్రయోగం. పామాయిల్‌తో మనుషులకు క్యాన్సర్ వస్తుందని అందులో లేదు. మన దగ్గర నోటి క్యాన్సర్‌కు ప్రధాన మూలం గుట్కా, ఖైనీ, బీడీ, ఉత్తరాంధ్ర ఆడవాళ్లు అడ్డపొగగా, అంటే నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని, తాగే చుట్ట. వాటిని పట్టించుకోకుండా నూనె డబ్బా మీద పడితే ప్రాణాలు నిలవవు.

ఒక్క దారి మూస్తే కణం, శరీరం ఎలా తప్పించుకుంటాయో చెప్పే ఉదాహరణ లివర్ వైపు కూడా ఉంది. కొవ్వు తయారీలో ఇంకో మెట్టు ముందుండే ఏసీసీ ఎంజైమ్‌ను ఆపే మందును మనుషులకు ఇస్తే లివర్ కొవ్వు 36 శాతం తగ్గింది. కానీ రక్తంలో ట్రైగ్లిజరైడ్స్ 200 శాతం పెరిగాయని 2017లో తెలిసింది. ఒక రకం కొవ్వు తక్కువైందని గ్రహించిన లివర్, ఎస్‌ఆర్‌ఈబీపీ స్విచ్‌ను మరింత గట్టిగా వేసి ట్రైగ్లిజరైడ్స్‌ను రక్తంలోకి పంపింది.

క్యాన్సర్ ఉన్న మనిషికి ఇంట్లోవాళ్లు ప్రేమతోనే, గడ్డకు తిండి అందకూడదని అన్నం తగ్గించి, నెయ్యీ నూనే ఆపేస్తుంటారు. ఇది చూస్తే నాకు భయమేస్తుంది. ముదిరిన క్యాన్సర్ తనే శరీరంలోని కొవ్వునూ కండనూ కరిగించేస్తుంది. దాన్నే కాకెక్సియా అంటారు. అలా చిక్కిపోయినవాళ్లు కీమోథెరపీని తట్టుకోలేరు, అందుకే డాక్టర్లు ప్రతిసారీ బరువు చూస్తారు. 2011లో ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో, నిల్వ కొవ్వును కరిగించే ఏటీజీఎల్ ఎంజైమ్ లేని ఎలుకల్లో గడ్డలు పెంచి చూశారు. గడ్డ పెరిగినా వాటి ఒంట్లో కొవ్వు కరగలేదు, కండ కూడా తగ్గలేదు. గడ్డకు కొవ్వు అందకుండా చేయాలని ఒక వైపు, రోగి ఒంట్లో కొవ్వు పోకుండా కాపాడాలని ఇంకో వైపు, రెండు పరిశోధనలూ ఇప్పుడు పక్కపక్కనే సాగుతున్నాయి.