మూడో ఫిన్ను ఎందుకు వచ్చింది?

నేడు ఏ పెద్ద సర్ఫింగ్ (బోర్డు మీద నిలబడి అలలపై జారే ఆట) పోటీ చూసినా ఎక్కువ బోర్డుల అడుగున మూడు ఫిన్నులు, అంటే చేప రెక్కల్లాంటి పలకలు, కనిపిస్తాయి. ఇంతగా స్థిరపడిపోయిన ఈ అమరికకు గుర్తింపు వచ్చింది 1981లోనే. అంతకు ముందు చరిత్ర అంతా ఒకే తలనొప్పి చుట్టూ తిరిగింది: బోర్డు తోక జారిపోవడం.

హవాయి పూర్వుల బోర్డులకు ఫిన్నే లేదు. పలుచని అలాయాకైనా, పెద్దదొరల పొడవాటి ఓలోకైనా అడుగు నునుపే. అల ముఖం మీద అడ్డంగా పరుగెత్తాలంటే బోర్డు అంచు నీటిలోకి దిగి పట్టు పట్టాలి. వెడల్పాటి తోక తేలిపోతుంది, అంచును దిగనివ్వదు. అల నిటారుగా లేచేసరికి తడి గచ్చు మీద కాలు జారినట్టు బోర్డు పక్కకు జారిపోతుంది. 1937లో హోనొలులుకు చెందిన జాన్ కెల్లీ దీనితో విసిగిపోయి, గొడ్డలి తీసుకుని తన రెడ్‌వుడ్ బోర్డు తోకను సన్నగా నరికేశాడు. అడుగును వెనకవైపు దోనెలా చెక్కాడు. తోక నీటిలోకి దిగింది, పట్టు దొరికింది. హాట్ కర్ల్ బోర్డులు అలా పుట్టాయి.

విచిత్రమేమిటంటే, అంతకు రెండేళ్ల ముందే, 1935లో అమెరికా సర్ఫర్ టామ్ బ్లేక్ హవాయిలోని వైకీకీ తీరంలో ఒక పాత స్పీడ్‌బోటు అడుగు ముక్కను బోర్డుకు బిగించి చూశాడు. బోర్డు తిన్నగా నిలిచింది. అయినా ఫిన్ను అందరికీ చేరడానికి ఏళ్లు పట్టింది.

ఫైబర్‌గ్లాసు, బాల్సా అనే తేలిక చెక్క, 1950ల చివర్లో ఫోము వచ్చి బోర్డుల బరువు తగ్గించాయి. 1960ల చివర్లో పొడవూ ఒక్కసారిగా తగ్గింది. పొడవాటి బోర్డు అలను తేలిగ్గా అందుకుంటుంది, కానీ మలుపు తిరగడానికి మొరాయిస్తుంది. పొట్టి బోర్డు మలుపులకు చురుకు, అలను పట్టుకునేదాకా మాత్రం చేతులు పడిపోయేలా ఈదాలి. ముక్కు పైకి వంగి ఉంటే నిటారు అలలో మునగదు, కానీ ఆ వంపు వేగాన్ని కొంత తినేస్తుంది. ప్రతి లాభానికీ ఒక నష్టం ఉంది. బోర్డు ప్రకటనలు ఈ రెండో సగాన్ని సాధారణంగా దాటేస్తాయి.

1970ల చివర ఆస్ట్రేలియా సర్ఫర్ మార్క్ రిచర్డ్స్ రెండు ఫిన్నుల బోర్డుతో దుమ్ము రేపాడు. 1979 నుంచి 1982 వరకు వరుసగా నాలుగు ప్రపంచ టైటిళ్లు అతనివే. అంచుల దగ్గరి ఫిన్నులు మలుపును వేగంగా తిప్పుతాయి. అయితే పెద్ద అలల్లో, బలంగా కాలితో తొక్కితే తోక మళ్లీ పాత రోగమే చూపేది. సిడ్నీలోని నార్త్ నారాబీన్‌కు చెందిన సైమన్ ఆండర్సన్ భారీకాయుడు, ఆ బోర్డు అతనికి అచ్చిరాలేదు. 1980లో మరో సర్ఫర్ తన రెండు ఫిన్నుల బోర్డు వెనక చిన్న అర్ధచంద్రపు ఫిన్ను పెట్టడం చూశాడు. దాన్ని పెంచి, మూడింటినీ దాదాపు సమాన పరిమాణంలో చేశాడు. పక్క ఫిన్నుల ముందు అంచులు బోర్డు ముక్కువైపు కొంచెం లోపలికి తిరిగి ఉంటాయి, అవి మలుపులో బోర్డును ముందుకు తోస్తాయి. వెనకది తోకను పట్టి ఉంచుతుంది.

1981లో ఆస్ట్రేలియాలోని బెల్స్ బీచ్‌లో భయపెట్టే అలలు లేచిన పోటీలో ఆండర్సన్ దీనితోనే గెలిచాడు. అదే ఏడాది సిడ్నీలో, హవాయిలో పైప్‌లైన్ అనే పేరున్న అలల చోట కూడా అతనిదే గెలుపు. ప్రపంచమంతా ఆ అమరికను అనుకరించింది. పేటెంటు తీసుకోని ఆండర్సన్‌కు అందులో వాటా దక్కలేదు. మూడు ఫిన్నులు ఇంత గెలిచినా 1981, 1982 ప్రపంచ టైటిళ్లు రెండు ఫిన్నుల రిచర్డ్స్‌వే. చిన్న, నీరసమైన అలల్లో మూడో ఫిన్ను అదనపు భారమే. అందుకే రెండు ఫిన్నుల బోర్డులు ఇప్పటికీ అమ్ముడవుతున్నాయి.