మనసులోది బొమ్మలోకి ఎలా వస్తుంది: కొన్ని అపోహలు, వాస్తవాలు

బొమ్మలు నేర్చుకునేవాళ్లు షేడింగ్ గురించి అడిగేది తక్కువ. "నాకంటూ ఒక స్టైల్ ఎప్పుడొస్తుంది సార్?" అనే ప్రశ్న మాత్రం తప్పకుండా వస్తుంది. దాని వెనక ఉండే అపోహల్లో కొన్ని ఇవి.

అపోహ: బాధలో ఉన్నప్పుడు వేస్తేనే బొమ్మలో బాధ పలుకుతుంది.

వాస్తవం: నార్వే చిత్రకారుడు ఎడ్వర్డ్ మంక్ అక్క సోఫీ 1877లో క్షయతో చనిపోయింది. ఆ జ్ఞాపకంతో ఆయన 'ద సిక్ చైల్డ్' మొదలుపెట్టింది 1885లో. తొలి కాన్వాస్ మీద రంగు వేసి, గీకేసి, మళ్లీ వేసిన ఆనవాళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. అదే దృశ్యాన్ని తర్వాత కూడా దశాబ్దాల పాటు మళ్లీ మళ్లీ వేశాడు. బాధ నిజమే, కానీ దాన్ని బొమ్మగా మార్చడానికి ఓపిక కావాలి.

అపోహ: భావం పలకాలంటే కన్నీళ్లో, ఎండిన చెట్టో ఉండాలి.

వాస్తవం: ఖాళీ కుర్చీ చాలు. చుట్టూ ఒకే ఒత్తిడితో గీత గీస్తే అది కుర్చీ బొమ్మ, అంతే. ఇప్పుడు 6బి పెన్సిల్‌ని (మెత్తగా, బాగా నల్లగా గీసే రకం) పక్కకు వాల్చి సీటు కింది నీడని బాగా నల్లగా నింపండి. వీపు ఆనించే చోట గీతని మధ్యలో తెంపేసి, మిగతాది కాగితానికి వదిలేయండి. కుర్చీని కాగితం నడిమధ్య కాకుండా కింది మూలకి జరపండి. ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్టుంటుంది. చాలామంది ఇక్కడే ఆగలేరు. కాగితం ఖాళీగా కనబడితే పని ఎగ్గొట్టినట్టు టెన్షన్ పడి, వెనకాల ఓ కిటికీ పెట్టేస్తారు!

అపోహ: ఎరుపంటే కోపం, నీలమంటే దిగులు.

వాస్తవం: పక్కన ఏ రంగుందో చూడకుండా అలా చెప్పలేం. స్పెయిన్‌లో ఒక ఊరి మీద జరిగిన బాంబు దాడి గురించి 1937లో పికాసో వేసిన 'గ్వెర్నికా' నలుపు, తెలుపు, బూడిద ఛాయల్లోనే ఉంటుంది. అందులో ఘోరం ఏమైనా తగ్గిందా?

అపోహ: ఇంకొకరి బొమ్మ చూసి వేస్తే సొంత ముద్ర పోతుంది.

వాస్తవం: వాన్ గో బొమ్మలు వేసినన్నాళ్లూ, తనకంటే ముందుతరం ఫ్రెంచ్ చిత్రకారుడు మిల్లే బొమ్మలు చూసి వేశాడు. 1889-90లో వాన్ గో దగ్గరున్నవి ఆ బొమ్మల నలుపు తెలుపు నకళ్లే కాబట్టి రంగులు తనే ఊహించుకోవాల్సి వచ్చింది. అలా వేసినవాటిని చూస్తే అవి వాన్ గోవేనని వేరే చెప్పక్కర్లేదు. చూసి వేసినదాని కింద మూలం ఎవరిదో రాయకుండా సొంత సంతకం పెట్టడం మాత్రం తప్పే.

అపోహ: ముందు ఒక స్టైల్ ఎంచుకుని దాన్నే పట్టుకోవాలి.

వాస్తవం: స్టైల్ మీ పాత బొమ్మల్లోనే ఉంటుంది. అన్నీ నేలమీద పరిచి చూడండి. ముఖాలు ఎటు తిరుగుతున్నాయి? గీత ఎక్కడ తొందరపడుతోంది? ఏ రంగు ట్యూబు అన్నిటికంటే ముందు ఖాళీ అవుతోంది? పదేపదే వచ్చేవాటిని దిద్దే బదులు, ఇంకాస్త పెంచి ఒక బొమ్మ వేసి చూడండి. అలాగని వేళ్లు గీయడం రాక చేతుల్ని ప్రతిసారీ జేబుల్లో దాచడం స్టైల్ కిందికి రాదు. దానికి చేతులు గీయడం నేర్చుకోవాల్సిందే.