ఆత్మప్రబోధానికి పుట్టిల్లు 1969 ఆగస్టు

2025 సెప్టెంబర్ 9 రాత్రి ఉపరాష్ట్రపతి ఎన్నిక ఫలితం వచ్చింది. పోలైన ఓట్లు 767, చెల్లనివి 15. సి.పి.రాధాకృష్ణన్‌కు 452, జస్టిస్ బి.సుదర్శన్ రెడ్డికి 300. తమ సభ్యులు 315 మంది ఓటేశారని ప్రతిపక్షం చెప్పుకుంది. ఎన్డీఏ సొంత బలానికి వైఎస్సార్‌సీపీ 11 ఓట్లు కలిపినా 452 దాకా రావు. దాంతో దాటిపోయిన వాళ్లెవరు, కావాలనే ఓటు చెడగొట్టుకున్న వాళ్లెవరు అన్న చర్చ ఆ రాత్రే మొదలైంది. పోలింగుకు ముందు ఆత్మప్రబోధం మేరకు ఓటేయమని అడిగింది సుదర్శన్ రెడ్డి. ఫలితం వచ్చాక ప్రతిపక్ష ఎంపీల ఆత్మప్రబోధానికి కృతజ్ఞతలు చెప్పింది అధికార పక్షం. 2027 జూలైలోపు కొత్త రాష్ట్రపతిని ఎన్నుకోవాలి కాబట్టి ఈ మాట ఇప్పట్లో సద్దుమణిగేది కాదు.

ఈ మాటను మన రాజకీయాల్లోకి తెచ్చింది 1969 రాష్ట్రపతి ఎన్నిక. ఇందిర ప్రధాని ఎలా అయ్యారు, ఆమెను ఎదిరించిన కాంగ్రెస్ పెద్దల బృందం సిండికేట్ అంటే ఎవరెవరు, బ్యాంకుల జాతీయకరణ ఎందుకు జరిగింది అన్నవి చాలాసార్లు రాసినవే. నేటి తగాదాకు పనికొచ్చేది బెంగళూరు సమావేశం నుంచి ఓట్ల లెక్కింపు దాకా నడిచిన ఆరు వారాల కథ. అందులోనూ అసలు మలుపు చాలామంది అనుకునే చోట లేదు.

మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఉపరాష్ట్రపతి వి.వి.గిరి తాత్కాలిక బాధ్యతలు తీసుకున్నారు. జూలైలో బెంగళూరులో కాంగ్రెస్ పార్లమెంటరీ బోర్డు కూర్చుంది. ఇందిర ప్రతిపాదించిన పేరు జగ్జీవన్ రామ్. బోర్డు నాలుగు ఓట్లతో నీలం సంజీవరెడ్డిని ఖాయం చేసింది. ఇందిర వైపు రెండే ఓట్లు పడ్డాయి. ఓడినా, సంజీవరెడ్డి నామినేషన్ పత్రంపై ప్రతిపాదకురాలిగా సంతకం చేసింది ఆమే. తర్వాత ఎవరెన్ని వాదనలు చేసినా ఆ సంతకం చెరిగిపోలేదు.

అక్కడి నుంచి రోజులు పరుగెత్తాయి. జూలై 16న మొరార్జీ దేశాయ్ చేతి నుంచి ఆర్థిక శాఖ పోయింది. 19న, 50 కోట్లకు పైగా డిపాజిట్లున్న 14 బ్యాంకులు ఒక్క ఆర్డినెన్స్‌తో ప్రభుత్వపరమయ్యాయి. ఆ ఆర్డినెన్స్‌పై సంతకం పెట్టిన గిరి మర్నాడే రాజీనామా చేసి ఇండిపెండెంటుగా బరిలోకి దిగారు. ఈయనకు బ్యాంకులతో పాత లెక్క ఒకటుంది. 1954లో బ్యాంకు ఉద్యోగుల వేతన తీర్పును ప్రభుత్వం మార్చినందుకు నిరసనగా నెహ్రూ మంత్రివర్గం నుంచి బయటికి వచ్చిన కార్మిక మంత్రి ఆయనే. సంజీవరెడ్డి కూడా లోక్‌సభ స్పీకర్ పదవి వదిలేశారు. బరంపురంలో పుట్టిన గిరి, అనంతపురం జిల్లా ఇల్లూరు వాడైన సంజీవరెడ్డి, ఇద్దరూ తెలుగువాళ్లే. అప్పటికే తెలంగాణ ఉద్యమంతో అట్టుడుకుతున్న రాష్ట్రంలో ఈ పోటీ ఇంటి గొడవలా కూడా కనిపించింది.

రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి రెండు కుర్చీలూ ఖాళీ అయితే ఎవరు కూర్చోవాలో చెప్పే చట్టం మే నెలాఖరులోనే వచ్చింది. అది రాకపోయి ఉంటే జూలై 20న రాష్ట్రపతి భవన్‌లో సంతకం పెట్టేవారే ఉండేవారు కాదు. ఆ చట్టం ప్రకారం చీఫ్ జస్టిస్ హిదయతుల్లా తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. పదకొండు రోజులకు ఢిల్లీ వచ్చిన అమెరికా అధ్యక్షుడు నిక్సన్‌కు ఆతిథ్యం ఇచ్చింది ఆయనే.

ఇక మలుపు. బ్యాంకుల జాతీయకరణే ఎన్నికను తిప్పేసిందని సాధారణంగా చెబుతారు. వీధుల్లో జనాన్ని తిప్పిన మాట నిజమే. నెంబర్ 1, సఫ్దర్‌జంగ్ రోడ్డులోని ప్రధాని ఇంటి ముందుకు ఆటోవాళ్లు, టాక్సీ డ్రైవర్లు, కార్మికులు గుంపులు గుంపులుగా వచ్చారు. కానీ రాష్ట్రపతిని ఎన్నుకునేది వాళ్లు కాదు. పార్లమెంటు సభ్యుడి ఓటు విలువ అప్పుడు 576. ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యేది 174, మన ఎమ్మెల్యేది 125. ఆ ఓట్లు కదలాలంటే కాంగ్రెస్ సభ్యుడికి, పార్టీ నిర్ణయాన్ని దాటినా తప్పుపట్టలేని ఒక కారణం చేతికి రావాలి. ఆ కారణం ఇచ్చింది కాంగ్రెస్ అధ్యక్షుడు నిజలింగప్ప.

మితవాద పక్షాలైన జనసంఘ్, స్వతంత్ర పార్టీ కలిసి మాజీ ఆర్థిక మంత్రి సి.డి.దేశ్‌ముఖ్‌ను నిలబెట్టాయి. ఆయన గెలవరని అందరికీ తెలుసు. అందుకే నిజలింగప్ప ఆ పార్టీల నాయకులను కలిసి, మీ రెండో ప్రాధాన్యం మా అభ్యర్థికి వేయించండి అని అడిగారు. ఓటరు అభ్యర్థులకు 1, 2, 3 అని వరస ఇచ్చే ప్రాధాన్య ఓటు పద్ధతిలో ఇది తప్పేమీ కాదు. పోటీలో ఉన్న ఎవరైనా చేసే పనే. గిరి వైపు కమ్యూనిస్టులు, డీఎంకే, అకాలీలు, ముస్లిం లీగ్ ఉన్నప్పుడు వాళ్లతో కలవడానికి లేని దోషం వీళ్లతో కలిస్తే ఎలా వచ్చిందని సిండికేట్ పక్షం అడిగింది. ఆ ప్రశ్నకు ఇందిర పక్షం నుంచి సూటి జవాబు రాలేదు. బదులుగా జగ్జీవన్ రామ్, ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ పార్టీ అధ్యక్షుడికి సంజాయిషీ కోరుతూ లేఖ రాశారు. మితవాద పార్టీలతో లోపాయికారీగా ఏం మాట్లాడారు, వాళ్లతో కలిసి ప్రధానిని దింపే ఆలోచన ఉందా అన్నది దాని సారం. ఆ అనుమానం ఉన్నందున సభ్యులకు స్వేచ్ఛగా ఓటేసే వీలివ్వాలన్నారు.

ఫలానా వారికే ఓటేయాలనే పార్టీ ఆదేశం, అంటే విప్ జారీ చేయమని నిజలింగప్ప అడిగితే, పార్లమెంటరీ పార్టీ నాయకురాలిగా ఇందిర ఒప్పుకోలేదు. పోలింగ్ ముంగిట ఆత్మప్రబోధం మేరకు ఓటేయమన్న మాట బయటికొచ్చింది. వరస చూడండి: ముందు బోర్డులో ఓటమి, తర్వాత నామినేషన్‌పై సంతకం, ఆ తర్వాత రెండో ప్రాధాన్యం మీద రగడ, చివరకు ఆత్మప్రబోధం. జూలైలో సంతకం చేసిన రోజున ఆ ప్రబోధం వినపడలేదు.

ఆగస్టు 16న పోలింగ్, 20న లెక్కింపు. ఈ లెక్కింపును వివరంగా చూడాలి. మన రాష్ట్రపతి ఎన్నికల చరిత్రలో రెండో ప్రాధాన్య ఓట్ల దాకా వెళ్లి తేలింది ఇదొక్కటే.

చెల్లిన ఓట్ల విలువ 8,36,337. అందులో సగానికి ఒకటి కలిపితే గెలవడానికి కావాల్సిన కోటా 4,18,169. తొలి ప్రాధాన్యంలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769. బరిలో 15 మంది ఉన్నారు. ఐదుగురికి ఒక్క ఓటూ పడలేదు. మిగిలిన ఏడుగురికీ కలిపి 8,505. వాళ్లలో ఒకరికి పడింది సరిగ్గా 576, అంటే ఒక ఎంపీ ఓటు విలువ. గిరికి కోటాకు 16,654 తక్కువ పడ్డాయి, అంటే సుమారు 29 మంది ఎంపీల ఓట్లు.

కోటా ఎవరికీ రానప్పుడు అట్టడుగున ఉన్నవారిని తొలగిస్తూ పోతారు. తొలగించిన అభ్యర్థి బ్యాలట్లను మళ్లీ తీసి, వాటిపై తర్వాతి ప్రాధాన్యం ఎవరికి ఉందో చూసి, అదే విలువతో వాళ్ల ఖాతాలో కలుపుతారు. తర్వాతి అంకె వేయని బ్యాలట్ అక్కడితో లెక్క నుంచి తప్పుకుంటుంది. ఓటరు తొలి ప్రాధాన్యం ఒక్కటే వేసి ఊరుకోవచ్చు, తప్పు కాదు. ఇలా చేసిన పదమూడు మంది తొలగింపులతో గిరి లెక్క 4,20,077కు, సంజీవరెడ్డిది 4,05,427కు చేరింది. తొలగినవారి నుంచి వచ్చిన 1,21,274లో సంజీవరెడ్డికి 91,879, గిరికి 18,562 వెళ్లాయి. 10,833 ఎవరికీ చెందకుండా పోయాయి.

అంటే నిజలింగప్ప అడిగిన సాయం చాలావరకు అందింది. ప్రతి నాలుగు ఓట్లలో మూడు సంజీవరెడ్డికే వచ్చాయి. అయినా సరిపోలేదు. ఆ సాయం అడిగినందుకు సొంత పార్టీలో పోయిన ఓట్లు అంతకంటే ఎక్కువ. కోటా దాటాక గిరికి మిగిలింది 1,908, నలుగురు ఎంపీల ఓట్లకు కూడా తక్కువ. పదమూడు మంది ఎంపీలు ఇటు నుంచి అటు మారితే ఫలితమే తారుమారు. ఇంత సన్నని తేడా ఉన్న ఎన్నికను దేశ ప్రజల తీర్పుగా చెప్పుకోవడం ఆ రాత్రే మొదలైంది.

జనం మాత్రం గణితం చూడలేదు. ఢిల్లీలో ప్రధాని ఇంటి ముందు పండగ జరిగింది. బయటి దేశాల పత్రికలు గిరి గురించి కాకుండా ఇందిర గురించి రాశాయి. ముసలి నాయకుల చేతిలో బొమ్మ అనుకున్న మనిషి వాళ్లనే దెబ్బతీసిందన్నది ఒక కోణం. కమ్యూనిస్టుల మద్దతు మీద ఆధారపడి దేశం ఎడమవైపు ఒరుగుతుందా అన్న భయం పశ్చిమ దేశాల రాతల్లో మరో కోణం. బ్యాంకుల ఆర్డినెన్స్ విదేశీ బ్యాంకులను తాకలేదన్నది ఆ భయంలో పెద్దగా కనిపించని వివరం. డబ్లిన్‌లో లా చదివి, ఐరిష్ ఉద్యమకారులతో సంబంధాల వల్ల 1916లో అక్కడి నుంచి వెళ్లగొట్టబడిన గిరి ఈ రాతలన్నిటిలో పక్క పాత్రగానే మిగిలారు.

పార్టీ నవంబర్‌లో చీలింది. ఎన్నిక మీద పిటిషన్లు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. సంజీవరెడ్డిని కించపరుస్తూ పార్లమెంటు సెంట్రల్ హాల్లో తిరిగిన పేరు లేని కరపత్రం అందులో ప్రధాన ఆరోపణ. పదవిలో ఉన్న రాష్ట్రపతి స్వయంగా కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పారు. 1970లో కోర్టు పిటిషన్లను కొట్టేసింది. ఓడిన సంజీవరెడ్డి ఇల్లూరు వెళ్లి వ్యవసాయం చూసుకున్నారు. 1977లో జనతా పార్టీ టికెట్టుపై ఆంధ్రప్రదేశ్ మొత్తంలో గెలిచిన ఒకే ఒక్క ఎంపీ ఆయన. అదే ఏడాది జూలైలో పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. నామినేషన్ వేసిన మిగతా 36 మంది పత్రాలూ తిరస్కరణకు గురయ్యాయి. ఇలాంటి ఊరూపేరూ లేని పోటీదారుల తాకిడి ఆపడానికే అంతకుముందు 1974లో చట్టం మార్చి పదిమంది ప్రతిపాదకులు, పదిమంది బలపరిచేవాళ్లు ఉండాలన్నారు. 1997లో రాష్ట్రపతి ఎన్నికకు ఆ సంఖ్య యాభై, యాభై అయింది. డిపాజిట్ 15,000 రూపాయలు.

1969లో ఫిరాయింపుల చట్టం లేదు. విప్ దాటితే పార్టీ కోపగించుకుంటుంది, అంతే. 1985లో పదో షెడ్యూల్ వచ్చాక విప్‌కు పదవి ఊడగొట్టే బలం వచ్చింది. కానీ అది సభలో జరిగే ఓటింగుకే వర్తిస్తుంది. రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి ఎన్నికలు సభలో జరిగే ఓటింగు కిందికి రావని, వీటికి పార్టీలు విప్ ఇవ్వకూడదని ఎన్నికల సంఘం ప్రతిసారీ చెబుతూనే ఉంది. ఓటు రహస్యం. రాజ్యసభ ఎన్నికల్లో ఎమ్మెల్యే తన బ్యాలట్‌ను పార్టీ ఏజెంటుకు చూపించాలి. 2003లో తెచ్చిన మార్పు అది. రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి ఎన్నికల్లో చూపిస్తే రహస్యం భంగమైనట్టు. కాబట్టి ఎవరు దాటారో పార్టీకి తెలిసే దారి లేదు. తెలిసినా బహిష్కరించగలదు తప్ప సీటు లాక్కోలేదు. స్వచ్ఛందంగా పార్టీని వదిలినట్టే అని వాదించవచ్చు, కానీ దానికి ఒక్క ఓటు చాలదు, ప్రవర్తన రుజువు కావాలి.

చెల్లని ఓట్లకూ కారణాలు మామూలివే. ఎన్నికల సంఘం ఇచ్చిన పెన్నుతోనే అంకె వేయాలి. 1 తప్పనిసరి. అది లేకపోయినా, ఇద్దరి పేర్ల ఎదుట 1 వేసినా, అంకెకు బదులు 'ఒకటి' అని అక్షరాల్లో రాసినా, ఓటరు ఎవరో తెలిసేలా గుర్తు పెట్టినా బ్యాలట్ పోతుంది. తెలుగు అంకె వేస్తే మాత్రం చెల్లుతుంది. 2022 రాష్ట్రపతి ఎన్నికలో 53 ఓట్లు చెల్లలేదు. చట్టసభల్లో ఏళ్ల తరబడి కూర్చున్నవాళ్లకు అంకె వేయడం రాదనుకోవడం కష్టం. 2025 నాటి 15లో ఎన్ని పొరపాట్లో, ఎన్ని తెలిసి చేసినవో ఆ బ్యాలట్లు చెప్పవు.

ప్రాంతం, కులం, భాష వచ్చినప్పుడు పార్టీ గీతలు చెరగడం మాత్రం బాహాటంగానే జరుగుతుంది. 2007లో ఎన్డీఏలో ఉంటూనే శివసేన మరాఠీ మహిళ అని ప్రతిభా పాటిల్‌కు ఓటేసింది. 2022లో ద్రౌపదీ ముర్ము ఆదివాసీ అని జేఎంఎం ప్రతిపక్షాన్ని వదిలింది. అప్పుడు ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో ప్రతిపక్ష అభ్యర్థి యశ్వంత్ సిన్హాకు ఒక్క ఓటూ రాలేదు. వైఎస్సార్‌సీపీ, టీడీపీ రెండూ ఒకే వైపు నిలబడ్డాయి. 2025లో అభ్యర్థి తెలుగువాడైనా టీడీపీ, వైఎస్సార్‌సీపీ అవతలి అభ్యర్థికే ఓటేశాయి, బీఆర్ఎస్ అసలు ఓటింగుకే రాలేదు. పార్టీ నాయకత్వం చెప్పినట్టు చేసిన ఈ ఓట్లను ఎవరూ ఆత్మప్రబోధం అనలేదు. ఆ పేరు దాటిపోయిన ఓట్లకే పెడుతున్నారు, అదీ వాటివల్ల లాభపడిన పక్షం.