ధర వెయ్యని పద్దు

తెనాలి,
ఆదివారం పొద్దున్న.

చిరంజీవులు పండుకీ చిన్నికీ తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

మొన్న ఫోన్‌లో చిన్ని ఒక ప్రశ్న అడిగింది. నేను నోరు తెరిచేలోపే మీ అమ్మ ఫోన్ లాక్కుని "నాన్నా, బీపీ మాత్ర వేసుకున్నావా?" అని మొదలుపెట్టింది. ఆ మాట అక్కడితో తెగిపోయింది. అయినా అది ఫోన్‌లో తేలే సంగతి కాదు. అందుకే కాగితాలు తీశాను. పండూ, నువ్వు కూడబలుక్కుని అయినా తెలుగు చదవగలవు కదా, సగం నువ్వే చదివి చెల్లాయికి చెప్పు. మిగతాది మీ అమ్మ చదువుతుంది.

చిన్ని ప్రశ్న ఇదీ: "పక్కింటి మామ్మగారు అమ్మ పులిహోర ఇస్తే వద్దన్నారు. అరటిపండు ఇస్తే తీసుకున్నారు. కానీ వెంటనే తినలేదు. తొక్క ఒలిచి, చేత్తో పట్టుకుని ఏదో గొణిగి, అప్పుడు తిన్నారు. మనమిచ్చింది మంచిదో కాదో అని అనుమానమా?"

ముందు పులిహోర సంగతి తేల్చేద్దాం. ఆవిడ యూదులు. వాళ్ళ వంటింటికి చాలా నియమాలున్నాయి. మాంసమూ పాలూ కలవకూడదు, రెంటికీ గిన్నెలు కూడా వేరు. అందుకని మనింటి మూకుడులో వండింది ఆవిడ ముట్టరు, అది ఎంత శాకాహారమైనా సరే. తొక్కతో ఉన్న పండుకి ఆ పేచీ లేదు. మా నాయనమ్మ మడి చూసినవాణ్ణి కనుక నాకిదేమీ వింతగా తోచలేదు. ఆవిడ తడిబట్టతో వసారాలోకి వస్తుంటే మేం పిల్లలందరం గోడకి బల్లుల్లా అతుక్కుపోయేవాళ్ళం. ఆ మడి వేరు, ఈ నియమం వేరు. కానీ మామ్మగారు వద్దన్నది మూకుడుని, మనల్ని కాదు. మీ అమ్మకి కూడా చెప్పు, పాపం నొచ్చుకుంది.

ఇక గొణుగుడు. కిందటేడు అమెరికాలో మీ హైలాండ్ పార్క్‌లో ఆరు నెలలున్నాను కదా. మీరంతా బడికీ ఆఫీసుకీ పోయాక నాకు తోచేది కాదు. మామ్మగారికీ తోచేది కాదు. మా ఇద్దరి వరండాలకీ మధ్య పదడుగుల దూరం. నా తపాలా ఆఫీసు ఇంగ్లీషు నాది, ఆవిడ ఓపిక ఆవిడది. అలా తెలుసుకున్నవే ఇప్పుడు రాస్తున్నాను.

దాన్ని బ్రాఖా అంటారు. ఏదైనా నోట్లో పెట్టుకునే ముందు దేవుణ్ణి స్తుతిస్తూ చెప్పే ఒక్క వాక్యం. ద్రాక్షరసానికి ఒకటి, రొట్టెకి ఒకటి, చెట్టున కాసిన పండుకి ఒకటి, నేలలోంచి వచ్చిన కూరగాయకి ఒకటి. ఏది తింటున్నావో చూసుకోకుండా చెబితే తప్పులో కాలేసినట్టే. అంటే తినే ముందు దాన్ని చూడాలి, అది ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒక్క క్షణం ఆలోచించాలి. మరి అరటిపండుకి ఏది చెబుతారో ఊహించండి. చెట్టు పండు అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కాదట! నేల పంటకి చెప్పేదే చెబుతారు. ఎందుకంటే అరటి ఒకసారి గెల వేశాక ఆ బోదె పని అయిపోతుంది. మళ్ళీ ఏడు అదే కొమ్మకి కాయదు. దుంపలోంచి పిలక లేచి అది గెల వెయ్యాలి. కాబట్టి అది చెట్టు కింద లెక్క కాదు.

అది విన్నప్పుడు నా ఒళ్ళు ఝల్లుమంది. చిన్నప్పుడు కొల్లిపర లంకల్లో మా మేనమామ అరటితోటలో గెల కొట్టాక బోదెని కత్తితో ఒక్క వేటున పడగొట్టేవాళ్ళు. తెల్లటి పొరల్లోంచి నీళ్ళు కారేవి. నాకు ఏడుపొచ్చేది. మామయ్య నా తల పట్టుకుని కిందికి వంచి, "అటు కాదురా, ఇటు చూడు" అని మొదట్లో వేలెడంత పిలకని చూపించేవాడు. న్యూజెర్సీలో పుట్టి పెరిగిన మామ్మగారు జన్మలో అరటితోట మొహం చూసి ఉండరు. అయినా మా మామయ్య చూపించిన పిలక ఆవిడ నోటిమాటలో ఉంది.

సరే, అసలు ఎందుకు చెప్పాలి? దీనికి నా దగ్గర ఒక పోలిక ఉంది. శెట్టిగారి కొట్టు.

మా చిన్నప్పుడు సరుకులకి డబ్బు పట్టుకెళ్ళేవాళ్ళం కాదు. ఎర్ర అట్ట ఖాతా పుస్తకం పట్టుకెళ్ళేవాళ్ళం. శెట్టిగారు చింతపండు తూచి ఇచ్చి, పుస్తకంలో పద్దు రాసి, ధర వేసి ఇచ్చేవారు. నెల మొదట్లో నాన్న జీతం రాగానే లెక్క కట్టేవాడు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఒకరోజు శెట్టిగారు లోపలికి వెళ్ళినప్పుడు గోనెసంచీలోంచి బెల్లం ముక్క ఒకటి తీసి చొక్కా జేబులో వేసుకున్నాను. దారిలో తిందామనుకున్నాను గానీ ధైర్యం చాల్లేదు. ఇంటికొచ్చి అన్నానికి కూర్చునేసరికి జేబు నిండా గండుచీమలు. నా గంతులు చూసి అమ్మకి విషయం తెలిసిపోయింది.

నాన్న కొట్టలేదు. "వెళ్ళి రాయించుకుని రా" అన్నాడు, అంతే. ఆ మధ్యాహ్నపు ఎండలో పుస్తకం పట్టుకుని వెళ్ళాను. శెట్టిగారు కళ్ళద్దాల పైనుంచి నన్ను చూసి, పుస్తకం విప్పి, "బెల్లం ముక్క ఒకటి, అబ్బాయి" అని రాశారు. ధర గడిలో ఏమీ వెయ్యలేదు. పుస్తకం మూసి చేతికిచ్చి, "ఇప్పుడు నీదే, తిను" అన్నారు. జేబులో చూస్తే బెల్లం లేదు, చీమలే ఉన్నాయనుకోండి.

బ్రాఖా అంటే ఆ ధర వెయ్యని పద్దు. తాల్ముద్ అని వాళ్ళ పెద్ద ధర్మగ్రంథం ఒకటుంది. ఈ లోకంలో దేన్నైనా బ్రాఖా చెప్పకుండా అనుభవిస్తే దేవుడి సొత్తు దొంగిలించినట్టేనని అందులో పెద్దలన్నారు. దావీదు కీర్తనల్లో ఒకచోట "భూమి అంతా దేవుడిదే" అని ఉంది, ఇంకోచోట "భూమిని మనుషులకిచ్చాడు" అని ఉంది. ఇదేం తిరకాసు అని ఒకరు అడిగారు. దానికి జవాబు: మొదటిది బ్రాఖా చెప్పకముందు, రెండోది చెప్పాక. అచ్చం శెట్టిగారి మాటే కదా! రాయించుకోనంతవరకూ కొట్టుది, రాయించుకుంటే నీది.

రబ్బీ అంటే వాళ్ళ మతగురువు. రబ్బీ మేయిర్ అనే ఆయన రోజుకి 100 చెప్పాలన్నాడు. తిండికే కాదు. ఉరుముకి ఉంది, మెరుపుకి ఉంది, ఇంద్రధనుస్సుకి ఉంది. ఏడాదిలో మొదటిసారి తినే కొత్త పండుకి, మనల్ని బతికించి ఈ రోజుదాకా తీసుకొచ్చినందుకు అని వేరే ఒకటి ఉంది. మన తొలి మామిడిపండుకి అది ఎంత నప్పుతుందో చూడండి! ఇడ్లీకి ఏం చెప్పాలి అని అడిగాను. మినప్పప్పు ఎంత, బియ్యం ఎంత అని ఆవిడ ఎదురడిగారు. చెప్పాను. కాసేపు ఆలోచించి, "రబ్బీని అడగాలి" అన్నారు. ఆ కేసు ఇంకా పెండింగ్‌లోనే ఉంది.

ఇంకోటి చెబితే మీరు నవ్వుతారు. బాత్‌రూమ్‌కి వెళ్ళొచ్చాక కూడా ఉంది! మనిషి ఒంట్లో రంధ్రాలూ గొట్టాలూ తెలివిగా పెట్టావు, వాటిలో ఒక్కటి తెరుచుకుపోయినా ఒక్కటి మూసుకుపోయినా నీ ముందు నిలబడలేం, అని దాని భావం. నవ్వండి, ఫరవాలేదు. ప్రోస్టేట్ ఆపరేషన్ అయి, నాలుగు రోజులకి పైపు తీశాక నేనూ ఇంచుమించు అదే మాట అన్నాను, తెలుగులో, ఇంకాస్త గట్టిగా. పక్క మంచం ఆయన ఉలిక్కిపడి లేచాడు.

దేవుడి పేరు మాత్రం ఊరికే పలకరు. మామూలు మాటల్లో 'హాషెమ్' అంటారు. అంటే 'ఆ పేరు' అని. మీ అమ్మమ్మ నలభై ఆరేళ్ళు నా పేరెత్తకుండా "ఏమండీ", "ఆయన"లతో కాపురం చేసింది కాబట్టి నాకు ఆ సంగతి చెప్పగానే అర్థమైంది.

అన్నట్టు, ఈ మాటలు మనకి దూరమేమీ కాదు. మనూరికీ గుంటూరుకీ దగ్గర్లోనే చేబ్రోలు ఉంది కదా, దాని పక్కన కొత్తరెడ్డిపాలెంలో తాము ప్రాచీన ఇశ్రాయేలు తెగల్లో ఒకటైన ఎఫ్రాయీము గోత్రపువాళ్ళమని చెప్పుకునే తెలుగు కుటుంబాలున్నాయి. వాళ్ళకి చిన్న ప్రార్థనామందిరం కూడా ఉంది. శనివారం వాళ్ళకి విశ్రాంతి దినం. మన గోంగూర తిని, మన యాసలో తిట్టుకుని, హీబ్రూలో ప్రార్థన చేస్తారు. సెలవులకి వచ్చినప్పుడు వెళ్దాం.

పొద్దున్న లేవగానే, మంచం దిగకముందే వాళ్ళు చెప్పేది ఒకటుంది. పిల్లలకి మాటలొచ్చీ రాగానే నేర్పుతారట. "నా ప్రాణం దయతో నాకు తిరిగిచ్చావు, నీ నమ్మకం గొప్పది" అని. పండూ, ఈ చివరి ముక్క మళ్ళీ చదువు. నా నమ్మకం కాదు, నీ నమ్మకం. నేను ఆవిణ్ణి రెండుసార్లు అడిగి రూఢి చేసుకున్నాను. మనం దేవుణ్ణి నమ్మడం అందరూ చెప్పేదే. ఇక్కడ ఆయనే మనల్ని నమ్మాడట. నిన్న ఎన్ని వెధవ పనులు చేసినా, ఇంకో రోజు చేతిలో పెట్టాడు. శెట్టిగారు కూడా అంతే. నమ్మకం లేనివాడికి అరువివ్వడు. బెల్లం దొంగతనం జరిగిన మర్నాడు నేను తలొంచుకుని వెళితే, ఏమీ జరగనట్టు ఉప్పు తూచి ఇచ్చి కొత్త పేజీలో రాశారు. ఆ ఒక్క పేజీ తిప్పడంతో నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

మీరేమో ఫోన్ చూస్తూ తింటారు. ఏం తిన్నావురా అంటే పండు తడుముకుంటాడు. తిట్టడం లేదు, చెబుతున్నానంతే.

ఈ పోలిక నాకెంత నచ్చినా ఒకచోట ఆగిపోతుంది. మంచి జరిగినప్పుడు సరే, చెడు జరిగితే శెట్టిగారు ఏమని రాయాలి? వాళ్ళ పెద్దలు దానికీ బ్రాఖా పెట్టారు. చావు కబురు వింటే, దేవుణ్ణి "సత్యమైన న్యాయాధిపతి" అని స్తుతించాలట. మీ అమ్మమ్మ పోయిన కొత్తలో ఎవరైనా నాతో అలా అనమంటే లేచి వెళ్ళిపోయేవాణ్ణి. ఆ మాటే మామ్మగారితో అన్నాను. ఆవిడ తన భర్త పోయినప్పటి సంగతి చెప్పారు.

ఖననం అయ్యేదాకా ఇంటివాళ్ళు ఏ బ్రాఖా చెప్పనక్కర్లేదట. ఆ న్యాయాధిపతి మాటొక్కటే. రోజుకి వంద రాయాలన్న ధర్మమే ఆ కాసేపూ పుస్తకం మూసి పక్కన పెడుతుంది. శ్మశానం నుంచి ఇంటికొచ్చాక తినే మొదటి భోజనం సొంతది కాకూడదు. ఇరుగుపొరుగు తేవాలి. రొట్టె, ఉడికించిన గుడ్లు, పప్పుగింజలు. ఆవిడ రొట్టె చేత్తో పట్టుకున్నారట. చిన్నప్పటి నుంచీ లక్షసార్లు చెప్పిన మాట, గొంతులోంచి రాలేదట. అప్పుడు రొట్టె తెచ్చిన పొరుగావిడ తనూ ఒక ముక్క తీసుకుని, ఆ మాట గట్టిగా చెప్పిందట. ఈవిడ "ఆమేన్" మాత్రం అన్నారట. అలా అన్నా చెల్లుతుంది. ఇద్దరూ తిన్నారు.

మనింట్లోనూ ఆరోజు పొయ్యి వెలిగించలేదు. ఎదురింటివాళ్ళు క్యారియర్‌లో చారన్నం పంపారు. నేను తిననంటే వాళ్ళబ్బాయి, ఇంజినీరింగ్ కుర్రాడు, ఏమీ మాట్లాడకుండా నా పక్కన నేలమీద కూర్చుని ఆ క్యారియర్‌లోదే తినడం మొదలుపెట్టాడు. నేనూ తిన్నాను. దీన్ని ఏ గడిలో రాయాలో శెట్టిగారికి కూడా తెలియదు. పుస్తకం ఇక్కడ మూసేస్తున్నాను.

ఇప్పుడు మీకు రెండు పనులు. మొదటిది ఇప్పుడిప్పుడే కాదు. 28 ఏళ్ళకోసారి, సూర్యుడు సృష్టిలో తాను మొదట నిలబడిన చోటికి వస్తాడని వాళ్ళ లెక్క. ఆరోజు పొద్దున్నే ఆరుబయట నిలబడి సూర్యుడికి బ్రాఖా చెబుతారు. లెక్క జోలికి నేను పోను. పోయినసారి 2009 ఏప్రిల్ 8న వచ్చింది. మామ్మగారు, వాళ్ళాయనా కలిసి మీ వీధి చివర నిలబడి చెప్పారట. మళ్ళీ 2037 ఏప్రిల్ 8, బుధవారం. క్యాలెండర్‌లో పెట్టుకోండి. ఆరోజు మీరెక్కడున్నా బయటికొచ్చి తలెత్తి ఒక్కసారి చూడండి. కళ్ళు చికిలించుకుని, నేరుగా చూడకుండా. నేనుంటే ఫోన్ చెయ్యండి.

రెండోది ఈ వారంలోనే. నీసాన్ అని వాళ్ళకో నెల, ఇంచుమించు మన చైత్రం. వాళ్ళకీ మనలాగే అధికమాసాలున్నాయి. ఆ నెల మొదలుకుని, పండ్ల చెట్లు పూత మీద ఉండగా చూసి ఏడాదికి ఒక్కసారి చెప్పే బ్రాఖా ఉంది. ఈ లోకంలో ఏదీ తక్కువ చెయ్యలేదు, మనుషులు చూసి ఆనందించడానికి మంచి చెట్లు పుట్టించాడు, అని. కనీసం రెండు చెట్లు ఉంటే మంచిదట. ఆవిడ పెరట్లో ఉన్నది ఒక్క ఆపిల్ చెట్టే. రెండోది కంచెకి ఇవతల, మీ పెరట్లో ఉన్న పియర్. కిందటేడు ఆవిడ కంచె పట్టుకుని రెంటినీ కలిపి చూసుకున్నారు. ఈ ఏడు మోకాళ్ళు బాగాలేక పెరట్లోకి దిగడం లేదని మీ అమ్మ చెప్పింది.

కాబట్టి బడి నుంచి రాగానే వెళ్ళి చూడండి. పియర్ ముందు పూస్తుంది, తెల్లగా. ఆపిల్ మొగ్గ గులాబీరంగులో ఉండి, విచ్చుకున్నాక తెలుపు తిరుగుతుంది. రెండూ కలిసి పూత మీదున్న రోజు చూసుకుని, వెళ్ళి ఆవిడ తలుపు కొట్టండి. పండూ, నువ్వు చెయ్యి పట్టుకుని దింపు, మెట్లు నాలుగే. చిన్నీ, నువ్వు కుర్చీ తీసుకెళ్ళి కంచె దగ్గర వెయ్యి.

ఇట్లు,
మీ తాతయ్య.